మొదటి పేజీలో ఒక గడి

సెమినార్ హాలు గోడకి ఆ ఉదయం రంగు కాగితాలు అంటించడం మొదలైంది. అరచేతిలో సగం ఉండే చదరపు ముక్కలు, పసుపువీ, గులాబివీ, లేత ఆకుపచ్చవీ. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే, పెద్ద డాక్టరు మొదలు ఊడ్చే మనిషి దాకా, కొత్త కంప్యూటర్ సిస్టంలో ఏం మారితే బాగుంటుందో రాసి గోడకి పెట్టవచ్చు. రోగుల బంధువులూ రాయవచ్చు. బయట కాలేజీలవాళ్ళు, కంపెనీలవాళ్ళు కూడా ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైనదాన్ని సిస్టంలో చేర్చి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటికీ ఇస్తారు. ఎవరేం చెప్పారో అందరూ చదువుకునేలా ఒక వెబ్‌సైటు కూడా పెట్టారు. హాలు తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంది: 'మధ్యలో మనిషి ఉండాలి.'

"మధ్యలో మనిషి నిలబడితే కుర్చీలెక్కడ వేస్తారంట?" అంది ఆయా, తలుపు దగ్గర ఆగి.

ఆమె వెనకే పెద్ద సిస్టరు ఉంది. ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డుకి ఆమె ఇన్‌ఛార్జి. సర్వీసు ఇరవై ఎనిమిదేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు ఈ ఆయాతోనే గడిచాయి. ఇద్దరూ లోపలికి వచ్చి గోడకి ఎదురుగా నిలబడ్డారు. ఆయా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, గొంతు తగ్గించింది.

"వార్డులో మనం అంటిస్తే మురికి. ఇక్కడ వాళ్ళు అంటిస్తే ఆలోచన. కాగితానికైనా రాసిపెట్టి ఉండాలమ్మా."

నాలుగు నెలల కిందటైతే పెద్ద సిస్టరు ఈ మాటకి నవ్వేది, నవ్వి మందలించేది. ఇప్పుడు రెండూ చేయలేదు. ఒక పసుపు కాగితం తీసుకుని, బల్ల మీదికి వంగి, తన గుండ్రటి అక్షరాలతో రాసింది. 'మొదటి పేజీలో ఒక గడి కావాలి. ఆ మనిషి గురించి ఇంటివాళ్ళు చెప్పింది రాయడానికి.' రాసి గోడకి ఒక మూల పెట్టింది. గాలికి ఊడకుండా బొటనవేలితో రెండుసార్లు నొక్కింది.

* * *

ఆ వార్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. పెద్ద సిస్టరు కొత్తగా చేరిన రోజుల్లోనే అది పాతది. రోగి చేరగానే, కట్లు కట్టే తెల్ల ప్లాస్టరు జానెడు చించి మంచం కాళ్ళవైపు కమ్మీకి అంటించేవాళ్ళు. దాని మీద జ్వరమూ బీపీ రాసేవాళ్ళు కాదు. వాటికి చార్టు ఉంది. చార్టులో పట్టనివి దీని మీదికి వచ్చేవి. 'కోపం కాదు, కట్టుడు పళ్ళు తీసేసింది, అందుకే మాట్లాడదు.' 'సూదికి భయపడదు, నొప్పి ఉండదని చెబితే కోపం.' 'భర్త సంగతి ఎత్తొద్దు.' ఒకసారి ఒక ముసలమ్మ మంచానికి 'ఈమె చెప్పేదంతా నిజమే' అని ఉండేది. ఆమె చెప్పే సంగతులు విని, మతి చలించిందనుకుని చిన్న డాక్టర్లు పిచ్చాసుపత్రికి ఉత్తరం రాయబోతే, కొడుకు వచ్చి, "అన్నీ జరిగినవేనండీ, కొన్ని తగ్గించే చెబుతోంది" అన్నాడట.

డ్యూటీ మారేటప్పుడు దిగే సిస్టర్లు, ఎక్కే సిస్టర్లు కలిసి మంచం మంచం దగ్గర ఆగి ఆ ముక్క చదువుకుని ముందుకి నడిచేవాళ్ళు. దాన్నే అప్పగింత అనేవాళ్ళు. రోగి ఇంటికి వెళ్ళిన రోజు ముక్క పీకి పారేసేవాళ్ళు. కొందరు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు కూడా.

తర్వాత కొత్త సిస్టం వచ్చింది. అది చెడ్డదని పెద్ద సిస్టరు ఎప్పుడూ అనలేదు. చార్టులు పోవడం తగ్గింది, డాక్టర్ల చేతిరాతతో కుస్తీ తప్పింది, ఏ మందు ఎవరికి పడదో ట్యాబ్ ఎర్రగా వెలిగి చెప్పేది. వార్డులో అందరికంటే ముందు నేర్చుకున్నది కూడా ఆమే. అయితే సిస్టంతోపాటు ఒక నియమం వచ్చింది. సిస్టంలో లేనిది వార్డులో ఉండకూడదు. గోడ మీద, మంచం మీద, సిస్టరు అరచేతిలో, ఎక్కడా ఏ రాతా కనపడకూడదు. కనపడితే ఆ వార్డుకి మార్కులు తగ్గుతాయి. అప్పగింత కూడా ఇక గదిలో కూర్చుని తెర చూసే జరుగుతుంది. వార్డులో ఎవరూ ఎదురు చెప్పలేదు, మానేయనూ లేదు. ప్లాస్టరు ముక్కలు కొంచెం చిన్నవయ్యాయి, కమ్మీకి లోపలివైపు చేరాయి.

అలాంటి రోజుల్లో ఆమె చెల్లెలు పదిహేడో మంచంలో చేరింది. పిత్తాశయంలో రాళ్ళు. పెద్ద ఆపరేషనేమీ కాదు. మూడో రోజు ఇంటికి పంపేస్తారు.

చెల్లెలికి చిన్నప్పుడే జ్వరం వచ్చి ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగం మిగిలింది. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టాలిగా. ఆ పిల్లకి కథ వినపడేది కాదు. అయినా అమ్మమ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా సరిగ్గా సమయానికి ఊఁ అనేది. కథంతా అయ్యాక, "తర్వాత రాజుకేమైందే?" అని అక్క పరీక్ష పెడితే మళ్ళీ ఊఁ అనేది. ఇంట్లో ఆమెకి 'ఊఁకొట్టు' అనే పేరు స్థిరపడిపోయింది. పెద్దయ్యాక పెదవులు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే చెవుడని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. పక్కనుంచో, మూతికి మాస్కు కట్టుకునో అడిగితే మాత్రం ఏది అడిగినా ఒకటే జవాబు.

అందుకే పదిహేడో మంచం కమ్మీకి పెద్ద సిస్టరు స్వయంగా రాసి పెట్టింది. 'మాస్కు దించి, మొహం చూపించి అడగండి. ఊఁ అంటే అవునని కాదు.'

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం పరిశీలన బృందం వస్తున్నట్టు సూపరింటెండెంటు గారి గది నుంచి కబురొచ్చింది. పావుగంట టైముంది. పెద్ద సిస్టరు వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఇరవై నాలుగు మంచాల ముక్కలూ పీకేసింది. పదిహేడో మంచం దగ్గర చేయి ఒక్క క్షణం ఆగింది. ఇదొక్కటీ ఉంచితే చెల్లెలని ఉంచిందంటారు. మిగతా ఇరవై మూడింటికీ ఏం సమాధానం చెబుతుంది? పీకేసింది. చెల్లెలు చూస్తోంది.

"అదేంటే అక్కా?"

"తర్వాత మళ్ళీ పెడతాలే," అంది మాస్కు దించి, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ.

సాయంత్రం డ్యూటీవాళ్ళకి నోటితో చెబుదామనుకుంది. బృందం ఆమెని తమతోపాటే హాలుకి తీసుకెళ్ళింది. సిస్టం వాడటంలో ఈ వార్డు మిగతావాటికి ఆదర్శమట, ఎలా వాడుతున్నారో చూపించమన్నారు. చూపించింది. చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో, ఆ అలసటలో, తెర మీద అప్పగింత ముగించి ఇంటికి వెళ్ళిపోయింది. పదిహేడో మంచం ఎదురుగా ఆ తెర మీద అన్నీ సరిగానే ఉన్నాయి.

మర్నాడు ఆమె వచ్చేసరికి చెల్లెల్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. ట్యాబ్ తెరిచి చూసుకుంది. ఆపరేషన్‌కి ముందు అడగాల్సిన తొమ్మిది ప్రశ్నలు, తొమ్మిది పచ్చ టిక్కులు. రాత్రి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు కదా? అక్కడా పచ్చగానే ఉంది. మనసు కుదుటపడింది. ఆ కుదుటపడటాన్ని ఆమె తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుంది.

మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగో రోజు చెల్లెలు చనిపోయింది.

పక్క మంచం ఆవిడ పెద్ద సిస్టరు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "పొద్దున్నే నా ఫ్లాస్కులో టీ సగం కప్పు ఇచ్చానమ్మా. తాగుతారా అంటే ఊఁ అంది. బిస్కెట్టు కూడా తింది, పాపం. ఆఖరికి నా చేతి మీదుగా అదైనా దక్కింది." ఓదార్పుగానే చెప్పింది ఆవిడ. పెద్ద సిస్టరు ఓదార్పుగానే విన్నట్టు తల ఊపింది. ఏమీ తినొద్దని ముందు రోజు రాత్రి కూడా ఎవరో మాస్కులోంచే చెప్పి ఉంటారు, దానికీ ఊఁ అనే అని ఉంటుంది. ఉదయం డ్యూటీ అమ్మాయి కొత్తది, మాస్కు కట్టుకుంది, అడగాల్సినవన్నీ వరసగా అడిగింది. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఏమీ లేదు కూడా. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో కారణం ఒక వాక్యంలో రాశారు. 'ఆహారం విషయమై రోగి తప్పు సమాచారం ఇచ్చినందువల్ల.'

ఆ కాగితాన్ని పెద్ద సిస్టరు చదివి, మడిచి, చెల్లెలి భర్త చేతికి ఇచ్చింది.

* * *

రంగు కాగితాల రోజు తర్వాత వారానికి స్టూలమ్మాయి వార్డుకి వచ్చింది. ఆ పేరు ఆయా పెట్టింది. సిస్టం తయారుచేసే బృందంలో పనిచేసే అమ్మాయి. సిస్టర్లు ట్యాబ్‌తో ఎక్కడ తడబడుతున్నారో చూడాలని వార్డు మూల స్టూలు వేసుకుని మూడు రోజులు కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగకుండా, ఎవరికీ అడ్డం రాకుండా. "ఇంత బుద్ధిగా కూర్చున్న ఇంజనీర్ని నేను చూళ్ళేదు" అని ఆయా సర్టిఫికెట్ ఇచ్చింది.

"ఈ గడి సంగతి రాసింది మీరేనా సిస్టర్?"

"అవునమ్మా."

"గోడ మీద నూట నలభై వచ్చాయి. సగం 'నెట్ స్పీడు పెంచండి', మిగతా సగం 'ఏసీ వేయించండి'. సాఫ్ట్‌వేర్‌లో ఏసీ ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. మీది మాత్రం వదలాలనిపించలేదు." స్టూలు దగ్గరికి లాక్కుంది. "కానీ మొదటి పేజీలో చోటు కోసం కొట్టుకుంటున్నారు సిస్టర్. ప్రతి డిపార్ట్‌మెంటుకీ అక్కడో గడి కావాలి. కమిటీ ఒక్కటే అడుగుతుంది. ఇది లేకపోవడం వల్ల ఎవరికైనా ఏమైనా అయిందా అని. నిజంగా జరిగింది ఒకటి రాసివ్వండి. నెలాఖరుకి మొదటి పేజీ ఖరారైపోతుంది. ఆ తర్వాత రెండేళ్ళ దాకా ఎవరూ ముట్టుకోరు."

పెద్ద సిస్టరు రెండు ఫారాలు తీసుకుంది, ఒకటి నింపి ఇచ్చింది. కట్టుడు పళ్ళ ఆవిడ సంగతి రాసింది.

"నవ్వుతారు సిస్టర్," అంది స్టూలమ్మాయి చదివి. "బాగుంది, రెండో పేజీలో పెడదాం అంటారు. రెండో పేజీ ఎవరూ తెరవరు."

మళ్ళీ రెండు ఫారాలు తీసుకుని ఇంకొకటి రాసింది. అదీ చాలలేదు. మూడోసారి ఫారం ఇచ్చినప్పుడు ఆ అమ్మాయి దాన్ని చదవకుండానే పక్కన పెట్టి ఆమె వైపు చూసింది.

"మీరు ప్రతిసారీ రెండు ఫారాలు తీసుకెళ్తున్నారు. ఒకటే తిరిగొస్తోంది."

పెద్ద సిస్టరు మందుల ట్రేలో సీసాలు సర్దుతూ ఉండిపోయింది. సర్దిన వరసనే చెరిపి మళ్ళీ సర్దింది.

"ఆ రెండోది రాశారనుకోండి," అంది ఆ అమ్మాయి మెల్లగా, "పేరు వేయం. కానీ వెబ్‌సైట్లో అందరూ చదువుతారు కాబట్టి ఇంటివాళ్ళ సంతకం కావాలి. ఇంకో సంగతి కూడా చెప్పాలి మీకు. తప్పెవరిదో అందులో ఉంటే ఆఫీసువాళ్ళు ఊరుకోరు. మెమో ఇస్తారు. నేను ఆపలేను."

మెమో గురించి పెద్ద సిస్టరు ఆలోచించలేదు. ఇంటివాళ్ళ సంతకం అన్న దగ్గరే ఆగిపోయింది. చెల్లెలికి పిల్లలు లేరు. ఇంటివాళ్ళంటే మరిది ఒక్కడే.

చెల్లెలు పోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె మరిది ఇంటికి వెళ్ళి వస్తోంది. ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, నాలుగు రోజులకి సరిపడా కూరలు తరిగి డబ్బాల్లో పెట్టి వచ్చేది. "వదిన చేయి పడితేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అని చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోళ్ళు ఆమెకి ముళ్ళలా గుచ్చుకునేవి. ఇప్పుడు అదే మనిషి ముందు కాగితం పెట్టి, నేను చేసింది ఇదీ, దీని మీద సంతకం చేయండి అనాలి. అంటే ఏమవుతుంది? చెల్లెలి వైపు మిగిలిన ఒక్క మనిషీ పోతాడు. అనకపోతే చెల్లెలు అబద్ధం చెప్పి చచ్చిపోయిందన్న వాక్యం అలాగే ఉండిపోతుంది. ఇంకెక్కడో, ఇంకో వార్డులో, ఇంకో మనిషి అన్నిటికీ ఊఁ అంటుంది.

రెండో ఫారం శనివారం రాసింది. పదకొండు పంక్తులు.

* * *

మరిది బైండింగు పని చేస్తాడు. ఇంటి ముందు గదే షాపు. పాత పుస్తకాలు, అట్టలు, దారపు ఉండలు, మైదా జిగురు డబ్బా. ఆదివారం కూడా ఏదో ఒకటి కుడుతూనే ఉంటాడు.

ఆ ఆదివారం ఆమె చీపురు పట్టుకోలేదు. బల్లకి ఎదురుగా కూర్చుంది.

"మరిదిగారూ, ఒక కాగితం చదవాలి మీరు."

"ఎవరి కాగితం వదినా?"

"నేను రాసింది. ఆసుపత్రి కమిటీకి ఇవ్వాలి, వెబ్‌సైట్లో అందరూ చదువుతారు. మీ సంతకం కావాలి."

అతను చేతికంటిన జిగురు గుడ్డకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. నిదానంగా చదివే మనిషి. ఆమె అతని మొహం వైపు చూడలేకపోయింది. బల్ల అంచున కత్తి గీతలు లెక్కపెట్టడానికి ప్రయత్నించింది.

'ఆ మధ్యాహ్నం పరిశీలన ఉందని మంచాల మీది రాతలన్నీ వార్డు ఇన్‌ఛార్జి తీసేసింది. పదిహేడో మంచానిది కూడా. రోగికి వినపడదన్న సంగతి తర్వాతి డ్యూటీకి నోటితో చెప్పాలనుకుంది, చెప్పలేదు. సిస్టంలో రాయడానికి చోటు లేదు. మర్నాడు ఉదయం పక్క మంచం ఆవిడ ఇచ్చిన టీ రోగి తాగింది. తినలేదు, తాగలేదు కదా అని సిస్టరు మాస్కు కట్టుకుని అడిగితే, వినపడక ఊఁ అంది.' అలా సాగి, చివర్లో రెండు ముక్కలు ఉన్నాయి. 'ఆ ఇన్‌ఛార్జి నేనే. రోగి నా చెల్లెలు.'

అతను చివరిదాకా చదివి, మళ్ళీ పైకి వెళ్ళాడు.

"ముందు 'వార్డు ఇన్‌ఛార్జి తీసేసింది' అని రాసి, చివర్లో నేనే అన్నారు."

"మొదట్లో నేను అని రాయడానికి చేయి రాలేదు."

అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసు వదినా."

ఆమె తలెత్తింది.

"ఆ సాయంత్రం నేను వచ్చేసరికి కమ్మీ మీద జిగురు మరక ఒక్కటే ఉంది. జిగురు మరక నా కంటికి ఆనకుండా పోతుందా? అడిగాను. అక్క తీసింది, మళ్ళీ పెడుతుందిలే అంది. పోనీ నేను రాసి పెడతానన్నాను. పెన్ను కూడా తీశాను. వద్దంటే వద్దంది. ఎవరైనా చూస్తే అక్క మాట పడుతుందట. 'మా అక్క ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు, నా మూలంగా పడొద్దు' అంది." జిగురు డబ్బాకి మూత పెట్టాడు. "సరేలే అన్నాను. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. ఆగి ఆగి మళ్ళీ తన్నుతున్నారు.

"మరి ఈ నాలుగు నెలలూ మీరు..."

"మీరు చెబుతారేమోనని చూశాను. ప్రతి ఆదివారం వచ్చారు. తోమిన గిన్నెలే తోమారు. ఇవాళ చెబుతుంది, ఇవాళ చెబుతుంది అనుకున్నాను. తనే తప్పు చెప్పిందని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారు. అది నాకంటే ముందు మీరే చదివారు. చదివి, మడిచి ఇచ్చారు."

"అవును."

ఆమె కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "నన్ను ఏమైనా అనండి మరిదిగారూ."

"అంటే మీకు తేలికవుతుంది. నాకవదు."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. అతను మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మీద ఒకచోట వేలు పెట్టాడు.

"ఇది తీసేయండి. పక్క మంచం ఆవిడ ఇచ్చిన టీ అన్నది. అందరూ చదువుతారంటున్నారుగా. ఆవిడో, ఆవిడ పిల్లలో చదివితే? ప్రేమగా ఇచ్చింది ఆవిడ. దినం రోజున ఇంటికి కూడా వచ్చింది."

"ఊరికే 'టీ తాగింది' అని రాస్తాను."

"ఊఁ, అలా రాయండి. ఇక్కడ 'వినపడక ఊఁ అంది' అన్నారు. అది కూడా సరిగ్గా లేదు వదినా."

"లేదా?"

"వినపడకపోతే మళ్ళీ అడగమనొచ్చుగా. నన్ను అడిగేది, ఒకటికి పదిసార్లు. 'ఏంటీ, ఏంటీ' అని ప్రాణం తీసేది. బయటివాళ్ళ దగ్గరే ఊఁ. వాళ్ళ చేత రెండోసారి చెప్పించడం తనకి సిగ్గు. వాళ్ళకి పనులుంటాయి, పాపం, అనేది." అతను కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "చెవిటిది కాబట్టి పోయిందనుకుంటారు మీ కమిటీవాళ్ళు. మొహమాటంతో పోయింది."

ఆమె కొత్త ఫారం తీసి మొదటి నుంచి రాసింది. ఈసారి మొదటి పంక్తిలోనే 'నేను' అని మొదలుపెట్టింది. అతను ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క వాక్యం అయ్యాక చదివి, తల ఊపాడు. అంతా అయ్యాక పెన్ను అడిగి తీసుకుని, సంతకం చేయాల్సిన చోటుకి పైన తన చేత్తో రాశాడు. 'నా భార్య అబద్ధం చెప్పే మనిషి కాదు. ఎదుటివాళ్ళ చేత రెండోసారి అడిగించడం ఇష్టం లేక ఊఁ అనేది.' కింద సంతకం పెట్టాడు. పాత కాగితమూ కొత్త కాగితమూ కలిపి బల్ల మీద నిలబెట్టి తట్టి, అంచులు సమానం చేసి ఆమెకిచ్చాడు.

ఆమె అలవాటుగా వంటింటి వైపు ఒక అడుగు వేసింది.

"వద్దు వదినా. ఉండనీయండి." కొంచెంసేపు తలుపు వైపు చూశాడు. "కొన్నాళ్ళు రావొద్దు. కోపం కాదు. మీరొస్తే, పెన్ను జేబులో పెట్టుకున్నది గుర్తొస్తోంది నాకు."

ఆమె చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చింది. స్కూటరు మనిషి దాన్ని తోసుకుంటూ నడిచి పోతున్నాడు.

* * *

నెలాఖరుకి రెండు రోజుల ముందు కమిటీ ఒప్పుకుంది. "మొదటి పేజీలోనే సిస్టర్! నూట ఇరవై అక్షరాలు పడతాయి," అని స్టూలమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం దాచుకోబోయి, ఎవరితో మాట్లాడుతున్నదో గుర్తొచ్చి ఆగిపోయింది. అదే మధ్యాహ్నం మెమో కూడా వచ్చింది. నియమం ప్రకారం తీసేయాల్సినవి తీసేసినందుకు కాదట. ముఖ్యమైన సమాచారం అప్పగించనందుకు సంజాయిషీ ఇవ్వాలట. పెద్ద సిస్టరు ఒక్క పంక్తి రాసి సూపరింటెండెంటు గారి గదికి పంపింది. 'నిజమే. అప్పగించలేదు.'

"ఇంకొంచెం మెత్తగా రాయాల్సిందమ్మా," అంది ఆయా. "పనెక్కువైందనో, తలనొప్పనో."

"తలనొప్పి లేదు ఆ రోజు," అంది పెద్ద సిస్టరు. "చాలా సంతోషంగా ఉన్నాను."

ఆయా చీపురు అందుకుంది.

కొత్త నెలలో గడి వచ్చింది. మొదటి పేజీలో, పేరుకీ వయసుకీ కింద. 'ఇంటివారు చెప్పినది.' మొదటి రోజు వార్డులో ఏడుగురికి నింపారు, రెండో రోజు పదకొండుగురికి. ఇతర ఆసుపత్రుల్లో ఎంతమంది నింపుతున్నారో, ఎంతమంది ఖాళీగా వదిలేస్తున్నారో ఆమెకి తెలియదు. వెబ్‌సైట్లో ఆ గడి పుట్టుపూర్వోత్తరాలు కూడా పెట్టారని ఎవరో అంటే, మధ్యాహ్నం విరామంలో మందుల గదిలో కూర్చుని తెరిచింది.

చెల్లెలు అక్కడ 'రోగి, స్త్రీ, నలభై ఆరు' అయింది. తను రాసిన పంక్తులు ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. 'నేను' అన్నది కూడా ఉంది. కింద ఎవరెవరో వ్యాఖ్యలు రాశారు. చాలా ఉపయోగకరం అని ఒకరు. దీన్ని మాటతోనే నింపేలా చేస్తే టైపింగ్ తప్పుతుందని ఒక కంపెనీ మనిషి. ముప్ఫై ఏడుగురు బొటనవేలు ఎత్తారు. మరిది రాసిన రెండు వాక్యాలూ లేవు. ఆ చోట సన్నటి అక్షరాలతో ఒక గమనిక ఉంది. 'సమస్యకు సంబంధం లేని భాగం తొలగించబడింది.'

ఆమె పేజీని పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చూసింది. అంతలోనే ఫోన్ మోగింది. ఐదు వారాల తర్వాత మరిది గొంతు.

"వదినా, చదివాను."

"ఇప్పుడే నేనూ చూస్తున్నాను."

"నేను రాసింది లేదు."

"లేదు. సంబంధం లేదనుకున్నారట."

అవతల అతను అట్ట మీద వేలితో కొడుతున్న చప్పుడు వినిపించింది. "మీరు రాసిందంతా ఉంది. ఎలా జరిగిందో అంతా ఉంది. తను లేదు అందులో."

"మళ్ళీ పెట్టమని అడుగుతాను."

"పెడతారా?"

పెడతారని చెప్పడం తేలిక. ఆమె ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

"తెలీదు మరిదిగారూ."

"సరే, అడగండి," అన్నాడు అతను. ఫోన్ పెట్టేశాడు.

విరామం ఇంకా పది నిమిషాలుంది. పెద్ద సిస్టరు మందుల గది తాళం వేసి, మెట్లెక్కి, సిస్టం బృందం కూర్చునే గదికి వెళ్ళింది. స్టూలమ్మాయి ఒక్కతే ఉంది, టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని. ఆమెని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోండి సిస్టర్. తిన్నారా?"

"రెండు వాక్యాలు తీసేశారమ్మా."

ఏ వాక్యాలని ఆ అమ్మాయి అడగక్కర్లేకపోయింది. తల దించుకుంది. "నేను వద్దన్నాను సిస్టర్. వినలేదు. ఇక కమిటీ కూర్చునేది రెండేళ్ళకి."

"తెలుసు. అయినా అర్జీ పెడతాను. ఎవరికి రాయాలో, ఏ ఫారమో చెప్పు."

"ఫారమేం లేదు దానికి," అంది ఆ అమ్మాయి. చేయి కడుక్కుని వచ్చి, సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసింది. "ఉత్తరంలా రాద్దాం. ఆయన ఏం రాశారో ముందు అది చెప్పండి. కమిటీవాళ్ళు మీ అసలు కాగితం కూడా పట్టుకెళ్ళిపోయారు, నా దగ్గర కాపీ లేదు."

పెద్ద సిస్టరు దగ్గరా లేదు. ఆమె కళ్ళు మూసుకుని, ఆ ఆదివారం బల్ల మీద అతని చేతిరాతని గుర్తు తెచ్చుకుంది. మొదటి వాక్యం వచ్చింది. రెండోదాంట్లో 'అడిగించడం' అన్నాడా, 'చెప్పించడం' అన్నాడా? నోటితో ఒకటి అన్నాడు, కాగితం మీద ఇంకొకటి రాశాడు. ఏది ఏదో తేలలేదు.

"ఒక్క నిమిషం అమ్మా," అంది. "తప్పు రాయకూడదు." ఫోన్ తీసి, మరిది నంబరు నొక్కింది.